పందెం కారుకూ మన మాసీ ట్రాక్టరుకూ చుట్టరికం: ఒక బ్రేకు చరిత్ర



కోతలు దగ్గరికొచ్చినాయి. ఇంకొన్నాళ్లు పోతే నంద్యాల, ఆళ్లగడ్డ రోడ్ల మీద యాడ చూసినా వడ్ల ట్రాలీలే. అందుకే ఈసారి చరిత్ర పోస్టు బ్రేకుల మీద రాస్తున్నా. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఇంగ్లండు, అమెరికా లాంటి దేశాల్లో ట్రయంఫ్ టీఆర్2, టీఆర్3 అనే చిన్న స్పోర్ట్స్ కార్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. ఇద్దరు కూర్చునే కార్లు. వయసు అరవై ఏళ్ల పైమాటే. ఎక్కువ మంది సెలవు పూట బయటికి తీసి, ఓ తిరుగుడు తిరిగి మళ్లీ షెడ్డులో పెట్టుకుంటారు. అట్లాంటి కారుకు బ్రేకు భాగం చెడిపోతే, ఆ కారు పుట్టినప్పుడు ఏ రకం పడిందో అదే కావాలని నెలల తరబడి వెతుకుతారు. దొరక్కపోతే పాతదాన్నే బాగు చేయించి, కొలతలు పట్టి మళ్లీ ఎక్కిస్తారు.

ఆ కార్ల సంగతి మనకెందుకు అంటారా? ఆ కారు ఇంజనూ, మన ఊళ్లలో తిరిగే మాసీ ట్రాక్టరుకు తాతలాంటి ట్రాక్టరు ఇంజనూ ఒకే ఇంటి బిడ్డలు కాబట్టి. ఆ ఇంటి కథ ముందు చెప్తా.

కల్టివేటరు తగిలించేటప్పుడు మనం మూడు పిన్నులు వేస్తాం కదా, ఆ త్రీ పాయింట్ లింకేజీని, దాన్ని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టును కలిపి ట్రాక్టరుకు అమర్చిన మనిషి హారీ ఫెర్గూసన్. ఐర్లండులో రైతు కుటుంబంలో పుట్టినాడు. 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీ ఊళ్లో స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఆయన ట్రాక్టరును తయారు చేయడం మొదలుపెట్టింది. దాని పేరు టీఈ20. బూడిద రంగు చిన్న ట్రాక్టరు. 1956 దాకా 5 లక్షలకు పైగా తయారైనాయి. మొదట్లో ఇంజను అమెరికా నుంచి తెప్పించుకున్నారు గానీ, తర్వాత స్టాండర్డ్ వాళ్ల సొంత ఇంజనే వేసినారు. నాలుగు సిలిండర్లు, బయటికి తీసి మార్చుకునే లైనర్లు. లైనరు పిస్టను సెట్టు మార్చడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది మీకు చెప్పాల్సిన పని లేదు.

అదే ఇంజను కుటుంబాన్ని స్టాండర్డ్ వాళ్లు తమ వాన్‌గార్డ్ కారులోనూ పెట్టినారు. ఆ వాన్‌గార్డ్ మద్రాసులో కూడా కూర్చేవాళ్లు. ఈ కంపెనీ చేతిలోనే ట్రయంఫ్ కంపెనీ ఉండేది. స్పోర్ట్స్ కారు చేద్దామనుకున్నప్పుడు కొత్త ఇంజను కోసం యాడికీ పోలేదు. ఉన్న ఇంజనులోనే లైనరు సైజు తగ్గించి, 2 లీటర్ల లోపుకు తెచ్చి, కార్బొరేటర్లు మార్చి, 90 గుర్రాల బలం తీసినారు. ట్రాక్టరులో అదే కుటుంబం ఇంజను 30 గుర్రాలు కూడా దాటేది కాదు. లైనర్లు మారే ఇంజను కావడం వల్ల ఒకే దిమ్మె దుక్కికీ పనికొచ్చింది, పందేనికీ పనికొచ్చింది.

టీఆర్2 కారు 1953లో బయటికొచ్చింది. ఆ మే నెలలో బెల్జియం దేశంలో ఒక తిన్నని రోడ్డు మీద, గాలి అడ్డు తగ్గించే మార్పులు చేసిన టీఆర్2 గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కాలం గుర్తుండటానికి చెప్తున్నా.

ఇక మన వైపు శాఖ. ఫెర్గూసన్ కంపెనీ 1953లో కెనడాకు చెందిన మాసీ హారిస్‌తో కలిసింది. 1958 నుంచి మాసీ ఫెర్గూసన్ అనే పేరు వచ్చింది. మద్రాసులో 1960లో టాఫే కంపెనీ పుట్టింది, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన దేశంలో తయారైనాయి. టీఈ20 తర్వాత వచ్చిన 35 మోడలు వంశంలోదే మన 1035. ఒక్క మాట, ఇప్పుడు మన 1035లో ఉండేది ఆ స్టాండర్డ్ ఇంజను కాదు. 35 మోడలుకే తర్వాత పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిలు ఇంజను వచ్చింది. ఇక్కడ మద్రాసు సింప్సన్ వాళ్లు ఆ రకం ఇంజన్లు తయారు చేసినారు. ఇంజను మారినా వంశం అదే.

చుట్టరికం అయింది. ఇప్పుడు బ్రేకు సంగతి.

ఎద్దుల బండికి బ్రేకు యాడిది? వాలులో దిగేటప్పుడు బరువంతా కాడి మీదికొచ్చి ఎద్దుల మెడకు తగిలేది. ఎద్దులే కాళ్లు బిగబట్టి ఆపాల. మరీ దిగుడైతే మనుషులు వెనక మోకు పట్టి లాగేవాళ్లు. ఇంగ్లండులో గుర్రపు బళ్లకు చక్రం మీద నొక్కే చెక్క దిమ్మె ఉండేది. కొండ రోడ్లలో ఆ చెక్క జారిపోతుంటే, బండి తోలేవాళ్లు దానికి పాత బూట్ల తోలు కొట్టి నడుపుకునేవాళ్లు. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన అది చూసినాడు. తోలు పట్టుకుంటోంది గానీ తొందరగా అరిగిపోతోంది, ఇంతకంటే మంచిది చేయొచ్చు కదా అనుకుని 1897లో బ్రేకు దిమ్మెల పని మొదలుపెట్టినాడు. ఆయన కంపెనీయే ఫెరోడో. బ్రేకు లైనింగు డబ్బాల మీద ఆ పేరు మనలో చానామంది చూసే ఉంటారు.

ఆయన మొదట్లో వాడిన సరుకు ఏమిటో తెలుసా? పత్తి. మందంగా నేసిన పత్తి గుడ్డకు బంక పట్టించి గట్టిపరిచి బ్రేకుకు తొడిగినాడు. నరసింహ పత్తిని లోకానికి ఇచ్చిన నంద్యాల వాళ్లం, ఈ మాట విని కాస్త గర్వపడొచ్చు. కానీ మోటారు కార్లు వచ్చి వేగం పెరిగేసరికి పత్తి మాడిపోయేది. అందుకని 1908లో ఫ్రూడ్ రాతినారకు, అంటే ఆస్బెస్టాస్‌కు మారినాడు. వేడికి కాలదు, చవక. ఆ తర్వాత చానా ఏళ్లు ప్రపంచమంతా బ్రేకు లైనింగు అంటే రాతినారే. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సరు తెస్తుందని తేలినాక బ్రిటన్ 1999లో దాన్ని నిషేధించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

డ్రమ్ము బ్రేకును 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో తన కారుకు అమర్చినాడు. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము, లోపల రెండు షూలు. పెడలు తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి. మొదట్లో కడ్డీలతో, తీగలతో లాగేవాళ్లు. ఒక చక్రం ముందు పట్టి, ఇంకోటి వెనక పట్టి బండి పక్కకు గుంజేది. 1917లో అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అనే ఆయన ద్రవంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. గొట్టంలో ద్రవం ఒత్తిడి అన్ని చక్రాలకూ ఒకే తీరుగా పోతుంది. ఆ తొలినాళ్ల బ్రేకు ఆయిల్లో ముఖ్యమైన సరుకు ఆముదం. దాంట్లో సారాయి జాతి ద్రవం కలిపేవాళ్లు. మామూలు ఇంజనాయిలు పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి చెడతాయి, ఆముదం రబ్బరును ఏమీ చేయదు. మన చేలగట్ల మీద ఆముదం చెట్టు పందెం కార్లను ఆపిందంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజమే.

డ్రమ్ముకు ఒక జబ్బు ఉంది. గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్లో లోడు లారీలు దిగేటప్పుడు కమురు వాసన వస్తుంది కదా, అదే. ఆపిన ప్రతిసారీ బండి వేగమంతా వేడిగా మారి డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది, అంటే షూలకు దూరం జరుగుతుంది. పెడలు లోతుకు పోతుంది. లైనింగు కాగి పట్టు తప్పుతుంది. మూసిన గిన్నె కాబట్టి లోపలి వేడి తొందరగా బయటికి పోదు.

దానికి మందు డిస్కు బ్రేకు. బయట గాలికి తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా పట్టుకునేది. 1902లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు దీనికి పేటెంటు తీసుకున్నా, అప్పటి సరుకుతో సరిగా కుదరలేదు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు వేసుకున్న జాగ్వార్ కారు గెలిచినాక అందరి కళ్లూ తెరుచుకున్నాయి. మిగతా కార్లు మలుపుకు చానా ముందే బ్రేకు తొక్కాల్సి వస్తే, వాళ్లు మలుపు దగ్గరిదాకా పోయి తొక్కినారు.

మూడేళ్లకు, 1956లో, మన చుట్టం టీఆర్3 కారుకు ముందు చక్రాలకు గిర్లింగ్ కంపెనీ డిస్కులు వచ్చినాయి. బ్రిటన్‌లో వరసగా తయారయ్యే కార్లలో డిస్కు బ్రేకుతో వచ్చిన మొదటిది అదే. వెనక మాత్రం డ్రమ్ములే. ఆ గిర్లింగ్ వాళ్లతో కలిసే టీవీఎస్ వాళ్లు 1962లో మద్రాసులో బ్రేక్స్ ఇండియా పెట్టినారు. మన కార్లకు, వ్యాన్లకు పడే బ్రేకు సిలిండర్లు, రబ్బరు కిట్లు చానావరకు అక్కడి నుంచి వచ్చినవే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఆ పాత కార్లను నిలబెట్టేవాళ్లు బ్రేకు పని ఎట్లా చేస్తారో చూడండి.

మొదట ఛాసిస్ నంబరు చూస్తారు. ఒకే మోడలైనా తయారీ మధ్యలో డ్రమ్ము సైజులు మారినాయి, కాలిపర్లు మారినాయి. "టీఆర్ బ్రేకు" అని అడిగితే సరిపోదు, ఏ నంబరు బండిదో చెప్పాల.

విప్పిన తర్వాత దుమ్మును గాలితో కొట్టరు. పాత లైనింగులో రాతినార ఉంటుంది కాబట్టి తడిపి తుడుస్తారు. డ్రమ్మును కొలుస్తారు. గాడి పడినా, కోలగా అరిగినా లేత్ మీద పలచగా తీస్తారు. కానీ ఎంతవరకు తీయొచ్చో హద్దు ఉంది. హద్దు దాటితే డ్రమ్ము పలచబడి వేడికి తట్టుకోలేదు, పగులుతుంది. ఒక పక్క తీస్తే రెండో పక్క కూడా అంతే తీస్తారు.

ఇనుప షూ అసలుదే ఉంచుతారు. దాని మీద లైనింగు మాత్రం కొత్తది, రాతినార లేనిది వేయిస్తారు. వేసినాక లైనింగు వంపును డ్రమ్ము వంపుకు సరిగ్గా సరిపోయేట్టు రుద్దుతారు. ఈ పని చేయకపోతే లైనింగు కొసలు మాత్రమే తగులుతాయి, లేదా నడుమ మాత్రమే తగులుతుంది. కొత్త లైనరు వేసినా బ్రేకు పట్టలేదని మనం మొత్తుకునేది చానాసార్లు ఇందుకే.

సిలిండరు లోపల తుప్పు గుంటలు పడితే పారేయరు. లోపల కొంచెం తొలిచి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించుతారు, మన ఇంజనుకు లైనరు దించినట్టు. బయటికి చూస్తే పాత సిలిండరే, లోపల తుప్పు పట్టని కొత్త గోడ.

అన్నిటికంటే నాకు నచ్చింది రబ్బర్ల సంగతి. అరవై ఏళ్ల కిందటి అసలు కంపెనీ రబ్బర్లు సీలు విప్పని డబ్బాలో ఒక్కోసారి దొరుకుతాయి. తెలియనివాడు పొంగిపోతాడు. తెలిసినవాడు డబ్బాను అలమారలో అందానికి పెట్టుకుని, కారుకు కొత్తగా తయారైన రబ్బరు వేస్తాడు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. బ్రేకు ఆయిలు కూడా అంతే. ఇప్పటి డాట్ 3, డాట్ 4 ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడికి మరిగితే పెడలు మెత్తగా కిందికి పోతుంది.

అంటే ఏమైంది? అసలు కొలత ఉంచినారు, అసలు పోత ఉంచినారు, అసలు అమరిక ఉంచినారు. రాతినార, పాత రబ్బరు, పాత ఆయిలు తీసేసినారు. అసలుది అంటే పాతది అని కాదు. ఆళ్లగడ్డ శిల్పుల్ని అడిగితే ఈ మాట ఒక్క ముక్కలో చెప్తారు. విగ్రహం భిన్నమైతే కొత్తది చెక్కుతారు. రాయి కొత్తది, తాళమానం కొలత మాత్రం శాస్త్రంలో ఉన్నదే. కొలత తప్పితే ఎంత మంచి రాయైనా అది ఆ విగ్రహం కాదు.

ఇక మన ట్రాక్టరు. సెలవు పూట తిరిగే కారుకు అంత శ్రద్ధ. రోజూ లోడు లాగే బండికి మనం ఏం చేస్తున్నాం? ఏది చవకైతే అది, ఏది సరిపోయినట్టు కనిపిస్తే అది. కొంచెం లెక్క చూద్దాం.

ట్రాక్టరు, ఖాళీ ట్రాలీ కలిపి ఇంచుమించు 3 టన్నులు అనుకోండి. 75 కిలోల వడ్ల బస్తాలు 53 వేస్తే ఇంకో 4 టన్నులు. మొత్తం 7 టన్నులు. గంటకు 25 కిలోమీటర్లతో పోతోంది. ఆ టీఆర్ కారు బరువు సుమారు 950 కిలోలు. మన లోడు బండిని ఆపడానికి మింగాల్సిన వేడి, ఆ కారు గంటకు 68 కిలోమీటర్లతో పోతున్నప్పుడు ఆపడానికి మింగాల్సిన వేడితో సమానం. కారుకు నాలుగు చక్రాలకూ బ్రేకులు. మనకు ట్రాక్టరు వెనక రెండు చక్రాలకే. ట్రాలీకి చానావాటికి బ్రేకే లేదు. మెల్లగా పోతున్నాం కదా అనే ధైర్యం లెక్కలో నిలబడదు. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. 25లో పోయేది కాలువ కట్ట దిగుడులో న్యూట్రల్ వేసి 40కి వదిలితే, వేడి రెండున్నర రెట్లు.

బ్రేకు లేని పెట్టెలు ఏం చేస్తాయో చరిత్రలో రాసి ఉంది. 1889 జూన్ 12న ఐర్లండులో, ఫెర్గూసన్ పుట్టిన జిల్లాకు పక్కనే ఉన్న ఆర్మాలో, పిల్లలూ పెద్దలూ విహారయాత్రకు పోతున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. పెట్టెల్ని రెండు భాగాలు చేసి, ముందు భాగం తీసుకుపోయి వద్దామనుకున్నారు. వెనక భాగం పెట్టెల చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టినారు. ఇంజను కదిలేటప్పుడు ఓ అడుగు వెనక్కి తగిలింది. రాళ్లు నలిగిపోయినాయి. పెట్టెలు వాలులో జారి వెనక వస్తున్న రైలును గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయినారు. విడిపోయిన మరుక్షణం ప్రతి పెట్టెకూ దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు అప్పటికే ఉన్నా, ఆ రైలుకు పెట్టలేదు. ఆ ఏడాదే బ్రిటన్ చట్టం చేసి అన్ని ప్రయాణికుల రైళ్లకూ అది తప్పనిసరి చేసింది. చక్రం కింద రాయి పెట్టి కూలీల్ని ట్రాలీ ఎక్కించేటప్పుడు ఆర్మాను తలుచుకోండి.

లెక్క పక్కన పెట్టి, ఈ చరిత్రంతా మన షెడ్డులోకి తెస్తే నాలుగైదు పనులు.

మీ ట్రాక్టరు మోడలు, తయారైన సంవత్సరం, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నంద్యాలకు పార్టుల కోసం పోయినప్పుడు ఆ కాగితం చూపించి అడగండి. పాత మోడళ్లకు డ్రమ్ము ఉంటుంది, తర్వాతి వాటికి పొడి డిస్కు, ఇప్పటి చానా ట్రాక్టర్లకు ఆయిల్లో మునిగిన డిస్కులు. ఒకదాని సరుకు ఇంకోదానికి పనికిరాదు. పోసే ఆయిలు కూడా ఒకటి కాదు, మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే.

లైనరు మార్చేటప్పుడు రెండు పక్కలా ఒకేసారి, ఒకే సరుకు వేయించండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే లోడు మీద బండి అడ్డం తిరుగుతుంది.

పొడి బ్రేకు లైనరుకు ఆయిలు పట్టి ఉంటే ముందు ఆ ఆయిల్ సీలు మార్చండి. ఆయిలు తాగిన లైనరును పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా పట్టు రాదు. స్ప్రింగులు, పిన్నులు చిన్నవే కదా అని వదలకండి. షూను వెనక్కి లాగేది ఆ స్ప్రింగే.

బ్రేకు దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసరుతో కొట్టొద్దు. తడిగుడ్డతో తుడవమనండి. మెకానిక్ పిల్లోడు కూడా ఒకింటి బిడ్డే.

చివరిది, పైసా ఖర్చు లేనిది. రెండు బ్రేకు పెడళ్లు విడివిడిగా పెట్టింది చేలో సాలు చివర తిరగడానికి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయాల. చానా ట్రాక్టర్లలో ఆ కొక్కెం ఊడిపోయి యాడో పోయుంటుంది. మీ బండిలో పోయిన అసలు భాగాల్లో ముందు వెతికి పెట్టాల్సింది అదే. పెట్టినాక రెండు పెడళ్ల ఆట సమంగా ఉందో లేదో చూసి, ఖాళీ బండితో చదును నేల మీద మెల్లగా పోతూ ఒకసారి తొక్కి చూడండి. తిన్నగా ఆగితే సరే. పక్కకు గుంజితే లోడు ఎత్తకముందే సరిచేయించండి.

మీ ఊళ్లో పాత ఫెర్గూసన్ గానీ, తొలినాళ్ల మాసీ గానీ ఇంకా నడుస్తుంటే ఏ సంవత్సరందో, దాని బ్రేకు ఏ రకమో కింద రాయండి. పక్కూరి మెకానిక్‌లకు కూడా ఈ పోస్టు చూపించండి. కోతలు అందరికీ క్షేమంగా జరగాల.